ఒక్క ప్రతి చాలదు: గృహస్థులకు హార్డ్ డిస్కుల పరిచయం

తెలుగు సాహిత్యం మన తరం వరకు నిలిచి వచ్చినదంటే, అందుకు కారణం తాటాకు గట్టిదనం కాదు. తాటాకుకు చెదలు శత్రువు, తేమ శత్రువు, నిప్పు శత్రువు. ఈ సంగతి మన పూర్వులకు బాగుగా తెలియును. అందుచేతనే వారు ఆకును గాక ప్రతిని నమ్ముకొన్నారు. పాత ఆకు శిథిలమగుటకు ముందే కొత్త ఆకుపై తిరిగి వ్రాయించుకొనుట పండిత కుటుంబాలలో పరంపరగా సాగిన పని. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి చేయించినది కూడా ప్రధానంగా ఇదియే. దొరికిన ప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించుట ఆయన పని. తాళ్ళపాక వారు మరొక దారి తొక్కి, అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరచినారు. రాగి తాటాకు కంటె గట్టిది. అయినను ఆయన రచించినట్లు చెప్పబడే 32,000 సంకీర్తనలలో సగమైనా మనకు దక్కలేదు. పదార్థం ఎంత గట్టిదైనను, ఉన్నది ఒక్క ప్రతియే అయినప్పుడు దాని ఆయువు దైవాధీనం.

ఈ పాత సంగతి ప్రవాసంలో ఉన్న తెలుగు కుటుంబాలకు నేడు చాల దగ్గరి సంగతి. అమ్మమ్మ పాడిన మంగళహారతుల క్యాసెట్టు, తాతగారి స్వరం, వివాహపు వీడియో, పిల్లల అక్షరాభ్యాసపు ఛాయాచిత్రాలు, ఊరిలో అమ్మివేసిన పెంకుటింటి బొమ్మ, ఇవి ఏ గ్రంథాలయంలోను దొరకవు. ప్రపంచంలో వాటికి ఉన్న చోటు మన ఇల్లు ఒక్కటే. వాటిలో అధికభాగం నేడు ఒక ఫోనులోనో, ఒక పాత కంప్యూటరులోనో, అలమరలో మరచిపోయిన ఒక చిన్న పెట్టెలోనో ఉన్నవి. తక్కువ వ్యయంతో వాటిని ఎట్లు కాపాడుకొనవచ్చునో, అందుకు ఎట్టి హార్డ్ డిస్కు కొనవలెనో వివరించుట ఈ వ్యాసం ఉద్దేశం.

హైడెల్‌బర్గ్ నేర్పిన పాఠం

1386లో స్థాపితమైన విశ్వవిద్యాలయం గల హైడెల్‌బర్గ్ నగరంలో నివసించే మనవారిలో పెక్కుమంది పరిశోధనాలయాలలోనో, సమీపాన వాల్‌డార్ఫ్‌లో ఉన్న సాప్ సంస్థలోనో పని చేయువారు. అనుదినం మనం దాటిపోయే ఈ నగరవీధులలోనే గ్రంథరక్షణకు సంబంధించిన ఒక గొప్ప కథ దాగియున్నది.

16వ శతాబ్దంలో ఇక్కడి బిబ్లియోథేకా పాలటీనా ఐరోపాలోని మహాగ్రంథాలయాలలో ఒకటి. ముప్పది సంవత్సరాల యుద్ధకాలంలో, 1622లో, నగరం శత్రువుల వశమైనది. బవేరియా పాలకుడు మాక్సిమిలియన్ ఆ గ్రంథాలయాన్ని పోప్ 15వ గ్రెగరీకి కానుకగా సమర్పించినాడు. లియో అల్లాటియుస్ అను పండితుని పర్యవేక్షణలో, 1623లో, కంచరగాడిదల వరుసపై ఆ గ్రంథాలు ఆల్ప్స్ పర్వతాలు దాటి రోమునగరం చేరినవి. హైడెల్‌బర్గ్ ప్రజలకు ఇది తీరని దుఃఖం. అయితే 1693లో ఫ్రెంచి సేనలు ఈ నగరాన్ని తగులబెట్టినవి. ఆనాడు గ్రంథాలు ఇక్కడనే ఉండి ఉంటే వాటి గతి ఏమగునో ఊహించుట కష్టం కాదు. 1816లో 847 జర్మన్ వ్రాతప్రతులు తిరిగి ఈ నగరానికి వచ్చినవి. అంతకు ముందే వేరు దారిన పారిస్ చేరిన కోడెక్స్ మానెస్సె అను సచిత్ర కవితాసంకలనం 1888లో తిరిగి వచ్చినది. 137 నిండుపుట చిత్రాలు గల ఆ గ్రంథం 2023లో యునెస్కో వారి ప్రపంచ స్మృతి పట్టికలో చేరినది.

విశ్వవిద్యాలయ గ్రంథాలయం వారు 2006 - 2009 మధ్య ఆ జర్మన్ వ్రాతప్రతులన్నింటికి అంకరూప ప్రతులు తయారు చేసినారు. పిమ్మట వాటికన్ గ్రంథాలయంతో కలిసి అక్కడ మిగిలిన లాటిన్ ప్రతులకు సైతం ఆ పనిని విస్తరింపజేసినారు. నాలుగు వందల ఏండ్ల క్రిందట విడిపోయిన గ్రంథాలయం, కంప్యూటరు తెరపై మరల ఒకటగుచున్నది.

ఇదే నగరంలో మరొక ఉదాహరణ గలదు. ఇక్కడి ఐరోపా అణుజీవశాస్త్ర ప్రయోగశాలలో 1980లో జన్యుక్రమాల నిధి ఒకటి ఆరంభమైనది. 1982లో వెలువడిన దాని తొలి సంపుటిలో ఉన్నవి 568 క్రమాలు మాత్రమే. అయస్కాంతపు టేపులపై దానిని శాస్త్రజ్ఞులకు పంపెడివారు. తరువాత ఆ నిధి ఇంగ్లండులోని హింక్స్‌టన్‌కు తరలినది. నేడు అది అమెరికా, జపాను దేశాలలోని నిధులతో అనుదినం సమాచారాన్ని మార్పిడి చేసికొనుచున్నది. అనగా మూడు ఖండాలలో మూడు ప్రతులు. ఒకచోట అగ్ని పుట్టినను, భూమి కంపించినను, మానవజాతి జన్యువిజ్ఞానం నశింపదు. గృహస్థుడు తన అలమరలో చేయవలసినది కూడా, చిన్న మోతాదులో, ఇదియే.

డిస్కు పనిచేయు విధానం

వస్తువును కొనుటకు ముందు దాని స్వభావం తెలియవలెను. హార్డ్ డిస్కు లోపల అల్యూమినియం లేక గాజుతో చేసిన నున్నని పళ్ళెములు ఉండును. వాటిపై అతి పలుచని అయస్కాంతపు పూత. అవి నిమిషానికి 5,400 లేక 7,200 సారులు తిరుగుచుండగా, ఒక సన్నని చేతి చివర నున్న శీర్షం ఆ పూతలోని అతిసూక్ష్మ భాగాలను ఉత్తర దక్షిణ దిశలకు త్రిప్పి వ్రాయును, తిరిగి చదువును. ఆ శీర్షం పళ్ళెమును తాకదు. కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుచుండును. మన తలవెండ్రుక మందం అంతకు వేల రెట్లు ఎక్కువ. పనిచేయుచున్న డిస్కును కదలింపరాదని, క్రింద పడవేయరాదని చెప్పుటకు కారణం ఇదియే.

1956లో ఐ.బి.ఎమ్. సంస్థ తెచ్చిన మొదటి డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్ళెములు 50 ఉండెడివి. బరువు ఒక టన్నుకు మించినది. అందులో పట్టినవి 50 లక్షల అక్షరాలు. నేడు ఫోను తీయు ఒక్క ఛాయాచిత్రానికి అది ఇంచుమించుగా సరిపోవును. 1980లో సీగేట్ సంస్థ 5 మెగాబైట్ల చిన్న డిస్కును 1,500 డాలర్లకు విక్రయించినది. అదే లెక్కన ఒక టెరాబైటుకు 30 కోట్ల డాలర్లు కావలసియుండును! ఆ ధర నేడు కొన్ని పదుల యూరోలకు దిగినదంటే అందులో జర్మనీ విజ్ఞానానికి గణనీయమైన భాగం ఉన్నది. 1988లో యూలిష్ పరిశోధనాకేంద్రంలో పీటర్ గ్రూన్‌బెర్గ్, ఫ్రాన్సులో ఆల్బెర్ ఫెర్ వేరువేరుగా మహా అయస్కాంతనిరోధమను ధర్మాన్ని కనుగొన్నారు. అతి బలహీనమైన అయస్కాంతపు గుర్తులను సైతం చదువగల శీర్షాలు దానివలన సాధ్యమైనవి. 1997 నుండి అవి డిస్కులలో ప్రవేశించినవి. 2007లో వారిద్దరికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది.

కుటుంబానికి ఎంత స్థలం కావలెను?

అంగడిలో 20 టెరాబైట్లకు మించిన డిస్కులు కనబడగానే అవి మనకు అవసరమేమో అనిపించును. లెక్క వేసి చూతము. ఛాయాచిత్రం ఒక్కింటికి 4 మెగాబైట్లు అనుకొన్నచో 50,000 చిత్రాలకు 200 గిగాబైట్లు. గంటసేపు నడిచే ఆడియో క్యాసెట్టును సి.డి. నాణ్యతలో కుదింపు లేకుండ ఎక్కించినచో సుమారు 635 మెగాబైట్లు. అట్టివి 50 ఉన్నచో 32 గిగాబైట్లు. పాత మినీ డి.వి. వీడియో గంటకు సుమారు 13 గిగాబైట్లు. 20 గంటలకు 260. ఫోనులో తీసిన వీడియో నిమిషానికి సగటున 200 మెగాబైట్ల చొప్పున 50 గంటలకు 600 గిగాబైట్లు. మొత్తం కూడి చూడగా సుమారు 1,100 గిగాబైట్లు, అనగా ఒక టెరాబైటుకు కొంచెం ఎక్కువ.

కావున సాధారణ కుటుంబానికి 4 టెరాబైట్ల డిస్కు కొన్ని సంవత్సరాల పెరుగుదలకు సైతం చాలును. పెద్దది ఒకటి కొనుటకు బదులు, ఆ ధనంతో మధ్యరకం డిస్కులు రెండు మూడు కొనుట వివేకం. 20 టెరాబైట్ల పెట్టె ఒకటి చెడినచో అంతయు ఒక్కసారిగా పోవును.

4 టెరాబైట్ల డిస్కును కంప్యూటరుకు తగిలించినప్పుడు తెరపై 3.64 అని కనబడవచ్చును. అంగడివాడు మోసగించినాడని అనుకొనరాదు. తయారీదారులు వేయింటి లెక్కన గుణించగా, కొన్ని కంప్యూటర్లు 1,024 లెక్కన భాగించుటయే ఈ తేడాకు కారణం.

కొనునపుడు చూడవలసినవి

నేడు ప్రపంచంలో హార్డ్ డిస్కులు తయారు చేయు సంస్థలు మూడే: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. పెట్టెపై వేరే పేరు ఉన్నను లోపలిది ఈ మూడింటిలో ఒకటి. కావున పేరుకు అధికమూల్యం ఇవ్వనక్కరలేదు. ధరను టెరాబైట్ల సంఖ్యచే భాగించి, వచ్చిన దానిని పోల్చవలెను. సామాన్యంగా అతి చిన్న డిస్కులకు ఈ లెక్క ఎక్కువగా వచ్చును, సరికొత్తగా వెలువడిన అతి పెద్ద డిస్కులకును ఎక్కువగానే వచ్చును. మధ్యలో ఎక్కడో చౌక స్థానం ఉండును. ధరలు నిలకడగా ఉండవు. 2011లో థాయ్‌లాండ్ వరదలలో డిస్కుల కర్మాగారాలు మునిగినప్పుడు ప్రపంచమంతట ధరలు పెరిగినవి.

డిస్కులు రెండు పరిమాణాలలో దొరకును. రెండున్నర అంగుళాల చిన్న డిస్కుకు యు.ఎస్.బి. తీగ ఒక్కటి చాలును, వేరే విద్యుత్తు అవసరం లేదు, ప్రయాణాలకు అనువు. మూడున్నర అంగుళాల దానికి వేరుగా విద్యుత్ సాధనం కావలెను, కాని పెద్ద పరిమాణాలలో టెరాబైటు చౌకగా పడును. దానిని రేయింబవళ్ళు నడుపుచు 5 వాట్లు వినియోగమైనచో ఏడాదికి సుమారు 44 యూనిట్లు. యూనిటు 35 సెంట్లనుకొన్నచో ఏటా 15 యూరోలు. జర్మనీ వంటి దేశంలో ఇది కూడా ధరలో భాగమే. పని ముగిసినంతనే తీసివేసి దాచు అదనపు ప్రతికి ఈ ఖర్చు లేదు.

మరొక భేదం గమనింపదగినది. కొన్ని డిస్కులలో సమాచారపు వరుసలను మన ఊళ్ళలో ఇంటికప్పున పెంకులు పేర్చినట్లు ఒకదాని అంచుపై మరొకటి వచ్చునట్లు వ్రాయుదురు. దీనివలన స్థలం కలిసివచ్చును. కాని మధ్యలో ఒక పెంకు మార్చవలెనంటే చుట్టుప్రక్కలవి కదలించవలసినట్లే, వ్రాసినదానిని మార్చుట ఆలస్యమగును. ఏడాదికి కొన్నిసారులు ప్రతి తీసి దాచుటకు ఇట్టి డిస్కు సరిపోవును. పలు డిస్కులను కలిపి నిరంతరం నడిపే ఇంటి సర్వరుకు తగదు. 2020లో వెస్టర్న్ డిజిటల్ వారి రెడ్ శ్రేణిలో కొన్ని డిస్కులు ఈ పద్ధతివని ముందుగా తెలుపలేదన్న సంగతి బయటపడి వివాదమైనది. పిమ్మట ఆ సంస్థ వివరాలను ప్రకటించినది.

ఇక చలించు భాగాలు లేని ఎస్.ఎస్.డి.ల మాట. అవి వేగమైనవి, దెబ్బలకు తట్టుకొనును. కాని టెరాబైటు ధర సాధారణంగా ఎక్కువ. పైగా విద్యుత్తు లేకుండ సంవత్సరాల తరబడి పెట్టెలో ఉంచినచో వాటిలోని విద్యుదావేశం క్రమంగా క్షీణించును. అనుదినపు పనికి అవి, అలమరలో దాచుటకు హార్డ్ డిస్కు అన్నది మంచి సూత్రం.

కొత్త వేషంలో పాత డిస్కు

చౌక వస్తువును వెదకునపుడు మోసం కూడా ఎదురగును. 2025 జనవరిలో జర్మనీలోని హైసె సంస్థ వారు ఒక సంగతి వెలువరించినారు. కొత్తవిగా విక్రయింపబడిన సీగేట్ ఎక్సోస్ డిస్కులలో కొన్ని అప్పటికే వేల గంటలు పని చేసినవట! డిస్కు తన పని గంటలను స్మార్ట్ అను పట్టికలో తానే వ్రాసికొనును. ఆ పట్టికను ఎవరో చెరిపి సున్నకు త్రిప్పినారు. కాని ఫార్మ్ అను మరొక లోపలి పట్టికలో అసలు సంఖ్య మిగిలియుండుటచే గుట్టు బయటపడినది. ఆ డిస్కులను తాము ఆ వర్తకులకు విక్రయించలేదని సీగేట్ సంస్థ తెలిపినది. చియా అను అంకరూప నాణెం కోసం చైనాలో విరివిగా వాడి విడిచిన డిస్కులు ఇవి అయి ఉండవచ్చునన్న అనుమానం బలపడినది.

పాత కారు కొనునపుడు మైలేజి మీటరు చూచినట్లే, డిస్కు కొనగానే ఈ పట్టికలు చూడవలెను. స్మార్ట్‌మోన్‌టూల్స్ అను ఉచిత సాధనంతో రెండును చదువవచ్చును. సంవత్సరానికి 8,760 గంటలు. కొత్త డిస్కు మీద 20,000 గంటలు కనబడినచో అది రెండేండ్లకు మించి శ్రమించినదని అర్థం.

ఇక్కడి చట్టం కొనుగోలుదారునకు అండగా నిలుచును. వర్తకుని వద్ద కొన్న కొత్త వస్తువుకు రెండేండ్ల చట్టబద్ధమైన బాధ్యత ఆ వర్తకునిదే. 2022 నుండి, మొదటి ఏడాదిలో లోపం కనబడినచో అది మొదటి నుండి లేదని నిరూపించుకొనవలసిన భారం వర్తకునిపై ఉన్నది. ఇంటర్నెట్ ద్వారా కొన్నదానిని సాధారణంగా 14 దినములలో త్రిప్పి పంపవచ్చును. ఆ 14 దినములను ఊరక పోనీయక, డిస్కును నిండుగా వ్రాసి, నిండుగా చదివి పరీక్షించుట మంచిది. వాడినదని స్పష్టంగా చెప్పి అమ్ము డిస్కులు మూడవ ప్రతికి పనికివచ్చును గాని, ఏకైక ప్రతికి ఎన్నడును పనికిరావు.

మూడు, రెండు, ఒకటి

పీటర్ క్రోగ్ అను అమెరికన్ ఛాయాగ్రాహకుడు 2005లో తన గ్రంథంలో చెప్పి ప్రచారానికి తెచ్చిన సూత్రం ఒకటి కలదు: మూడు ప్రతులు, రెండు వేరువేరు రకాల సాధనాలపై, అందులో ఒకటి ఇంటికి దూరంగా. తాళ్ళపాక వారి రేకులు, హైడెల్‌బర్గ్ గ్రంథాలు, జన్యునిధి, అన్నియు ఈ సూత్రంలో ఇమిడియున్నవి.

మూడు ఏల? హార్డ్ డిస్కులను లక్షలుగా వాడు బ్యాక్‌బ్లేజ్ సంస్థ 2013 నుండి ప్రకటించుచున్న లెక్కల ప్రకారం, ఏడాదికి నూటికి ఒకటి రెండు డిస్కులు చెడుట సాధారణం. ఇది చిన్న సంఖ్యయే, కాని ఆ ఒక్కటి ఎవరి ఇంటిదగునో తెలియదు. ముందుగా హెచ్చరిక వచ్చునని నమ్ముటకును వీలు లేదు. లక్షకు పైగా డిస్కులపై గూగుల్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిన పరిశోధనలో, చెడిన డిస్కులలో మూడవ వంతుకు మించినవి స్మార్ట్ పట్టికలో ఏ సూచనయు ఇవ్వకనే చెడినవని తేలినది.

దూరం ఏల? అగ్ని, దొంగ, వరద, ఈ మూడును ఇంటిలోని ప్రతులన్నింటిని ఒక్కసారే తీసికొనిపోవును. 1908లో మూసీ, 1977లో దివిసీమ ఉప్పెన మనవారు మరువలేనివి. 1993 డిసెంబరులో నెక్కార్ నది హైడెల్‌బర్గ్ పాతనగరంలో ప్రవేశించినది. ఇక్కడి ఇండ్లలో అక్కరలేని వస్తువులన్నింటిని నేలమాళిగలో, అనగా కెల్లర్‌లో, పెట్టుట వాడుక. డిస్కుకు అది తగిన చోటు కాదు. వరద మొదట చేరునది అక్కడికే, తేమ ఎల్లప్పుడు ఉండునది అక్కడనే.

మనకు మాత్రం దూరప్రదేశం వెదకికొననక్కర లేదు. విజయవాడలోనో వరంగల్‌లోనో తల్లిదండ్రుల ఇల్లు ఉన్నది. 40 మెగాబిట్ల వేగంతో ఒక టెరాబైటును క్లౌడ్‌కు పంపుటకు రెండు దినములకు పైగా పట్టును. అదే సమాచారం సెలవులకు వెళ్ళునపుడు చేతిసంచిలో ఒక చిన్న డిస్కుగా పోవును. అక్కడ గాలి చొరని డబ్బాలో తేమను పీల్చు సిలికా పొట్లంతో పాటు, పెట్టె అడుగున గాక మెట్టున ఉంచవలెను. ప్రయాణంలో పోయినను పరుల చేతికి చిక్కకుండ సంకేతలిపితో తాళం వేయుట మంచిది. అయితే ఆ పాస్‌వర్డును కాగితంపై వ్రాసి ఇంటిలో మరొకరికి తెలియునట్లు ఉంచవలెను. తాళంచెవి ఒక్కరి తలలోనే ఉన్న పెట్టె, వారితోనే మూతబడును.

రెండు డిస్కులు ఒకదానికొకటి అద్దంలా నడిచే పెట్టె కొన్నాము గదా, ఇక భయమేల అని కొందరందురు. అది డిస్కు చెడినపుడు కాపాడును గాని, చేయి జారి చెరిపినపుడు కాపాడదు. ఒకదానిలో చెరిగినది అదే క్షణంలో రెండవదానిలోను చెరుగును. 2017 మేలో వానాక్రై అను దుష్టక్రమం ప్రపంచాన్ని చుట్టినప్పుడు జర్మనీ రైల్వే స్టేషన్లలోని సూచికాఫలకాలు, ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దానికి చిక్కినవి. అట్టి క్రమం కంప్యూటరుకు తగిలించియున్న ప్రతి డిస్కును పట్టుకొనగలదు. తీగ విప్పి అలమరలో ఉన్నదానిని పట్టలేదు. కావున ప్రతి తీసిన వెంటనే తీగ విప్పవలెను.

ఏటికొక్కసారి

డిస్కు తాటాకు వలె రెండు వందల ఏండ్లు ఉండదు. ఐదారేండ్లకు ఒకసారి కొత్తదానిపై ప్రతి తీసి, పాతదానిని అదనపు ప్రతిగా మార్చుకొనవలెను. ఏడాదికి ఒకసారియైనను డిస్కును తగిలించి, అందులోని పది చిత్రాలు, రెండు పాటలు, ఒక వీడియో తెరచి చూడవలెను. తెరచి చూడని ప్రతి ఉన్నట్లు కాదు, ఉన్నదని నమ్మినట్లు మాత్రమే. 2011 నుండి మార్చి 31వ తేదీని ప్రపంచ బ్యాకప్ దినంగా పాటించుచున్నారు. మన ఉగాది కూడా ఆ దినములలోనే వచ్చును. ఉగాది పచ్చడి, పంచాంగశ్రవణం ముగిసిన పిమ్మట, పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని పాత చిత్రాలు చూచుచు ప్రతులు సరిచూచుకొన్నచో, పని పూర్తియగును, బంధువుల పేర్లు పిల్లలకు తెలియును.

ఇంకొక జాగ్రత్త. డిస్కు బ్రతికినను అందులోని లిపి చావవచ్చును. 1990లలో ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క సొంత సంకేతంతో చేసిన తెలుగు ఫాంట్లలో వ్రాసిన ఉత్తరాలు, సంచికలు నేడు తెరచినచో పిచ్చి గుర్తులు కనబడుచున్నవి. అట్టివాటిని యూనికోడ్‌లోనికి మార్చి, పి.డి.ఎఫ్. రూపంలో కూడా ఉంచవలెను. చిత్రాలకు తేదీ, ఊరు, మనుష్యుల పేర్లు వ్రాసిన ఒక సాదా పట్టికను అదే డిస్కులో చేర్చవలెను. పేరు తెలియని ముత్తవ్వ చిత్రం మనుమలకు ఒక అపరిచితురాలి చిత్రమే.

టెరాబైటు ధర ఏటికేడు మారును. క్యాసెట్టులోని అయస్కాంతపు పూత మాత్రం ఏటికేడు రాలుచున్నది, దానిని వినిపించు యంత్రాలు కరువగుచున్నవి, ఆ స్వరం ఎవరిదో చెప్పగల పెద్దలు తగ్గుచున్నారు. చౌక డిస్కు కోసం మరి కొంతకాలం వేచియుండవచ్చునేమో గాని, ఆ పెద్దల కోసం వేచియుండరాదు. ఇంటిలో ఉన్న ఏ డిస్కుతోనైనను మొదటి ప్రతిని ఈ వారమే తీయవలెను. రెండవది, మూడవది వచ్చే సెలవులలోపల సమకూర్చుకొనవచ్చును.